మెడకు కాలర్ వేయడం: ఎవరికి, ఎలా, ఎక్కడ ఆగాలి

ప్రమాదం జరిగిన చోట మెడను ముందుగా కాపాడేవి మీ రెండు చేతులు. కాలర్, అంటే మెడ చుట్టూ బిగించే పట్టీ, ఆ తర్వాత వచ్చే సాయం మాత్రమే. ఎంత గట్టి ప్లాస్టిక్ కాలరైనా మెడను పూర్తిగా కదలకుండా చేయలేదు. తల ముందుకు వాలడాన్ని కొంతవరకు ఆపుతుంది, పక్కలకు తిరగడాన్ని అంతకంటే తక్కువ ఆపుతుంది. కాలర్ పడింది కదా అని తల పట్టుకున్నవాళ్లు చేతులు తీసేస్తే వేసినా వేయనట్టే. ఇక కొలత తప్పిన కాలర్ కంటే ఏమీ వేయకపోవడమే మేలు.

ఇది ముఖ్యంగా కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో అంబులెన్సుల మీద పనిచేసే టెక్నీషియన్లకు, పైలట్లకు (అంబులెన్సు డ్రైవర్లకు). ఊళ్లోనుంచి ముందుగా పరుగెత్తుకొచ్చేవాళ్లు చేయాల్సింది వేరు. అది కొంచెమే, కానీ చాలా విలువైనది. ముందు అది చెప్పేద్దాం.

అంబులెన్సు వచ్చేలోగా

శిక్షణ లేకపోతే కాలర్ జోలికి పోవద్దు. ప్రథమ చికిత్స చేసేవాళ్లు కాలర్ వేయకపోవడమే మంచిదని పునరుజ్జీవన చికిత్స మీద సిఫారసులు చేసే అంతర్జాతీయ వేదిక ఇల్కార్ 2015లోనే సూచించింది. మెడికల్ షాపులో దొరికే మెత్తటి స్పాంజి బెల్టు అసలే వద్దు. అది మెడనొప్పి ఉన్నవాళ్లకు కాస్త ఊరట. విరిగిన ఎముకకు దానివల్ల ఏ పట్టూ రాదు.

108కి ఫోన్ చేయించండి. పడిపోయిన మనిషి కళ్లకు ఎదురుగా వెళ్లండి. పక్కనుంచి పిలిస్తే తల తిప్పి చూస్తాడు. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో తలను అటూ ఇటూ పట్టుకుని, "తల ఊపాకండి పెద్దాయనా, నోటితోనే చెప్పండి" అని మాట్లాడుతూ ఉండండి. లేపి కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం, చంకల కింద ఇద్దరు, కాళ్ల దగ్గర ఇద్దరు పట్టి ఆటోలోకి ఎత్తడం మన దగ్గర మంచి మనసుతోనే జరుగుతాయి. అలా ఎత్తినప్పుడు తల వెనక్కి వేలాడి, నడుం కుంగుతుంది. అప్పటిదాకా చేతులు ఆడించిన మనిషి ఆ తర్వాత ఆడించలేకపోవచ్చు. మంటలు, వాహనాలు దూసుకొచ్చే భయం, నీళ్లు ఉంటే మాత్రం ఆగకుండా పక్కకు లాగాల్సిందే. అప్పుడు భుజాల దగ్గర చొక్కా పట్టి, తల మీ రెండు ముంజేతుల మధ్య ఆనేలా, ఒంటి పొడవునా నేరుగా లాగండి.

కేసు అవుతుందని భయపడొద్దు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ సదుద్దేశంతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతపెట్టడానికి కూడా లేదు.

ఎవరికి అనుమానించాలి

మన ప్రాంతంలో మెడ దెబ్బలు ఎక్కడ తగులుతాయో ముందే తెలిసి ఉంటే కళ్లు అటే చూస్తాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద బోల్తా పడిన కారు, అందులోంచి బయటికి విసిరేయబడిన మనిషి. బైకు మీంచి ఎగిరి తల నేలకు తగిలినవాడు. చింతకాయ దులపడానికి చెట్టెక్కి జారినవాడు. కడప బండల గనిలో గట్టు మీంచి పడిన కూలీ. చేలో తిరగబడిన ట్రాక్టరు కింద ఉన్న రైతు. అన్నిటికంటే బాధాకరమైనది ఎండాకాలం సెలవుల్లో బావిలోకి తలకిందులుగా దూకిన పిల్లవాడు. నీళ్లు తగ్గిన సంగతి పైనుంచి తెలియదు. నడినెత్తి అడుగున బండకు తగిలితే ఆ బరువంతా నేరుగా మెడ పూసల మీదే పడుతుంది.

మనిషి పూర్తి స్పృహలో ఉంటే ఐదు సంగతులు చూడండి. మెడ వెనక నడిమధ్య ఎముకల వెంట నొక్కితే నొప్పి ఉందా? మాటల్లో మత్తు, తికమక ఉన్నాయా? తాగి ఉన్నాడా? చేతుల్లో కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నాయా? మెడనొప్పిని మరిపించేంత పెద్ద దెబ్బ, తొడ ఎముక విరగడం లాంటిది, ఇంకెక్కడైనా ఉందా? ఐదింటికీ లేదనే జవాబైతే కాలర్ అవసరం దాదాపు ఉండదు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చే నెక్సస్ పద్ధతి ఈ ఐదింటి మీదే నిలబడింది. 65 ఏళ్లు దాటినవాళ్లకు మాత్రం ఈ ఐదూ బాగున్నా అనుమానం వదలొద్దు. వాళ్లకు మంచం మీంచి పడినా మెడ పూస విరగొచ్చు. మీ సర్వీసు నియమాలు వేరుగా ఉంటే వాటినే పాటించండి. సందేహమైతే కాల్ సెంటర్ వైద్యుడిని అడగండి.

కాలర్ వేయకూడని చోట్లు

కత్తిపోటు, తుపాకీ గాయం మెడకు తగిలి, చేతులూ కాళ్లూ బాగానే ఆడుతుంటే కాలర్ వేయొద్దు. గాయం దాని కింద దాగిపోతుంది, రక్తం కారుతున్నా కనిపించదు, బిగించే లోపు పోయే నిమిషాలు ప్రాణం మీదికి తెస్తాయి.

ఎన్నో ఏళ్లుగా వెన్నెముక బిగుసుకుపోయి, గడ్డం రొమ్ము వైపు వాలి ఉన్నవాళ్లు ఉంటారు. ఈ యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లకు మెడను నిటారు చేసి కాలర్ తొడగడం అంటే పెళుసైన ఎముకను మీ చేతులతో విరిచినట్టే. ఇంటివాళ్లను అడగండి: "ఇంతకుముందు కూడా మెడ ఇట్లే ఉండేదా?" అవునంటే ఆ వంపులోనే ఉంచి, తల కింద దుప్పట్లు మడిచి పెట్టి, పక్కల ఆపు పెట్టండి.

మెడ ఉబ్బుతుంటే, గొంతుకు రంధ్రం ఉంటే, మెడ ఒక పక్కకు వంకరపోయి బిగుసుకుని ఉంటే అదే దారి. పెనుగులాడే మనిషికి బలవంతంగా కాలర్ బిగిస్తే ఒళ్లంతా ఆ కాలర్ మీద తిరుగుతుంది. ముందు ఆక్సిజన్ చూడండి, మూత్రం నిండి బాధపడుతున్నాడేమో, నొప్పి ఎక్కడో చూడండి, నెమ్మదిగా మాట్లాడండి. అతనికి హాయిగా ఉన్న తీరులో ఉండనివ్వండి.

ముందు ఊపిరి

ధారగా పోయే రక్తాన్ని ఆపడం, గొంతు దారి తెరవడం, ఊపిరి చూడడం, ఇవన్నీ కాలర్ కంటే ముందు. మెడ అనుమానం ఉన్నప్పుడు తల వెనక్కి వంచి గడ్డం ఎత్తే పద్ధతి కాకుండా, దవడ మూలల కింద వేళ్లు పెట్టి దవడను ముందుకు నెట్టండి. దాంతో దారి తెరుచుకోకపోతే మాత్రం తలను అవసరమైనంత మేరకే వంచండి. ఊపిరి లేని మనిషికి మెడను కాపాడి ప్రయోజనం లేదు.

కాలర్ వేయడం

కనీసం ఇద్దరు కావాలి. మొదటి మనిషి తల దగ్గర, రెండో మనిషి పక్కన.

1. మొదటి మనిషి తల వెనక మోకరించి, లేదా బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించాలి. గాల్లో ఉన్న మోచేతులు రెండు నిమిషాల్లో వణుకుతాయి. అరచేతులు తలకు ఇరువైపులా, వేళ్లు దవడ మూలల కింద. చెవులు మూయొద్దు, అతనికి మీ మాట వినబడాలి. పట్టుకోవడమే, లాగడం కాదు. మెడను సాగదీస్తే తెగిన స్నాయువుల మధ్య ఎముకలు విడిపోతాయి.

2. తల వంకరగా ఉంటే మెల్లగా నడిమికి తీసుకురండి. ముక్కు, రొమ్ము ఎముక, బొడ్డు ఒకే గీతలోకి రావాలి. చూపు నేరుగా పైకి ఉండాలి. దారిలో నొప్పి పెరిగినా, కండరం బిగుసుకుని అడ్డం పడినా, తిమ్మిరి కొత్తగా వచ్చినా, ఊపిరి కష్టమైనా అక్కడే ఆగి అదే స్థితిలో ఉంచేయండి.

3. పెద్దవాళ్లు చదునైన నేల మీద వెల్లకిలా ఉంటే చాలామందికి తల వెనక్కి వాలుతుంది. తల కింద సుమారు 2 నుంచి 5 సెంటీమీటర్ల మందాన మడిచిన తువ్వాలు కావాలి. గూని ఉన్న ముసలివాళ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇది తలకిందులు. తల వెనక భాగం పెద్దది కాబట్టి మెడ ముందుకు వంగుతుంది, మడత భుజాల కింద పెట్టాలి.

4. రెండో మనిషి రెండు చేతుల్లోనూ రెండు కాళ్లలోనూ నాడి, కదలిక, స్పర్శ చూసి గుర్తుపెట్టుకోవాలి. "నా వేళ్లు గట్టిగా పట్టుకోక్కా, కాలి వేళ్లు ఆడించు, ఇప్పుడు ఏ వేలు తాకినానో చెప్పు" అంతే. తర్వాత మెడ చూడాలి: గాయం, వాపు, ఉబ్బిన నరాలు, పక్కకు జరిగిన గొంతు గొట్టం. కాలర్ పడ్డాక ఇవేవీ కనబడవు. వెనక ముచ్చిలిగుంట నుంచి కిందికి నడి ఎముకల మీద వేలితో నొక్కుతూ రండి.

5. మెడలో ఉన్నవన్నీ తీయండి. గొలుసులు, చెవి కమ్మలు, చున్నీ, భుజం మీద తువ్వాలు. జడ, కొప్పు పక్కకు జరపండి. కాలర్ కింద చిక్కిన కొప్పు తలను ముందుకు నెడుతుంది. తాళిబొట్టు విషయంలో చెప్పకుండా చేయి వేయొద్దు. "అమ్మా, బెల్టు కింద గుచ్చుకుంటుంది, తీసి మీవాళ్ల చేతికే ఇస్తాం" అని చెప్పి, తోడున్న ఆడమనిషితో తీయించి, ఎవరికిచ్చారో రాసుకోండి. కత్తిరించక తప్పని పరిస్థితి అయితే అది కూడా ముందుగానే చెప్పండి.

6. కొలత. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి, తొందర పడొద్దు. మీ చేతి వేళ్లు నాలుగూ దగ్గరగా చేర్చి, అరచేతిని రోగి మెడ పక్కన అడ్డంగా పట్టండి. చిటికెన వేలు కాలర్ కూర్చునే భుజం పైగట్టుకు ఆనాలి. అక్కడినుంచి గడ్డం కింది గీత దాకా ఎన్ని వేళ్లు పట్టాయో చూడండి. అదే ఎత్తును కాలర్ మీద పెట్టండి, గట్టి ప్లాస్టిక్ కింది అంచు నుంచి కొలత గుర్తు వరకు. స్పాంజి అంచు నుంచి కొలిస్తే పొట్టి కాలర్ వస్తుంది. సర్దుబాటు చేసే రకమైతే రెండు వైపులా ఒకే రంధ్రానికి జరిపి, రెండు తాళాలూ నొక్కండి. ఒక తాళం మరిచిపోతే దారిలో ఆ పక్కే దిగిపోయి తల ఒరుగుతుంది.

7. కాలర్‌ను చేతుల్లో ఒకసారి గుండ్రంగా వంచండి, ముఖ్యంగా కొత్తదైతే. వెల్క్రో పట్టీని లోపలికి మడవండి. లేకపోతే జుట్టునూ రోడ్డు మీది గడ్డినీ పట్టుకుని అతుక్కోదు. వెల్లకిలా ఉన్నవాళ్లకు ముందు వెనక భాగాన్ని మెడ కింద ఖాళీలోంచి అవతలికి దూర్చండి. దూరడం లేదని తల ఎత్తొద్దు, చేత్తో పరుపును కిందికి నొక్కి దారి చేసుకోండి. తర్వాత గడ్డం భాగాన్ని రొమ్ము మీంచి పైకి జారుస్తూ గడ్డం కిందికి తెచ్చి కూర్చోబెట్టండి. కూర్చుని ఉన్నవాళ్లకు వరుస తిరగబడుతుంది: ముందు గడ్డం భాగం, తర్వాత వెనక భాగం.

8. ముందు భాగాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టి, రెండో చేత్తో వెల్క్రో లాగి అతికించండి. ముందు భాగం పట్టుకోకుండా లాగితే కాలర్ మొత్తం తిరిగి గడ్డం పక్కకు పోతుంది.

ఇప్పుడు మళ్లీ చూడండి. గడ్డం అంచు మీద కూర్చుందా, లోపలికి జారి నోటిని మూస్తోందా? నోరు తెరవగలడా? కాలర్‌కూ మెడకూ మధ్య ఒక వేలు దూరుతుందా? ముక్కు బొడ్డు గీతలోనే ఉందా? గడ్డం పైకి లేచి తల వెనక్కి పోతే కాలర్ ఎత్తు ఎక్కువైంది, ఇది చాలా ప్రమాదం, వెంటనే మార్చాలి. గడ్డం లోపలికి జారితే పొట్టిదైంది. ముఖం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బితే బిగువు ఎక్కువైంది. నాలుగో అడుగులో చూసిన నాడి, కదలిక, స్పర్శ మళ్లీ చూసి తేడా వచ్చిందేమో రాయండి. ఇంతసేపూ మొదటి మనిషి చేతులు తల మీదే ఉండాలి.

కట్టడం, ఎక్కించడం

స్కూప్ స్ట్రెచర్ ఉంటే అదే మేలు. రెండు సగాలుగా విడదీసి చెరో పక్కనుంచి దూర్చొచ్చు, ఒంటిని పది పదిహేను డిగ్రీలకు మించి తిప్పే పని ఉండదు. స్పైన్ బోర్డు, అంటే మనిషిని పడుకోబెట్టే గట్టి పొడవాటి పలక, మాత్రమే ఉంటే నలుగురు కలిసి మొద్దును దొర్లించినట్టు ఒకే కదలికలో తిప్పాలి. లెక్క తల దగ్గరివాళ్లే చెప్పాలి. ఎవరు ఏ మాట మీద కదలాలో ముందే అనుకోండి, "మూడు అన్నాక" అని.

ముందు ఒళ్లు కట్టండి, ఆఖర్న తల. ముందే తల కట్టేసి ఒళ్లు వదిలేస్తే, పెనుగులాడినప్పుడు గాని, స్పీడ్ బ్రేకర్ మీద వాహనం ఎగిరినప్పుడు గాని ఒళ్లు కదులుతుంది, తల కదలదు, మధ్యలో మెడ నలుగుతుంది. తల పక్కల హెడ్ బ్లాకులు, లేకపోతే చుట్టిన దుప్పట్లు పెట్టి, నుదుటి మీదుగా టేపు వేయండి. గడ్డం మీదుగా వేయొద్దు, వాంతి అయితే నోరు తెరుచుకోదు. ఇటుకలు, ఇసుక మూటలు పనికిరావు. పక్కకు తిప్పినప్పుడు వాటి బరువే తలను నెడుతుంది.

స్పైన్ బోర్డు ఎక్కించడానికే. దూర ప్రయాణానికి స్ట్రెచర్ పరుపు మీదికి మార్చండి.

కారులో ఇరుక్కున్నవాళ్లు, హెల్మెట్, బావి

స్పృహలో ఉండి, కాళ్లు చేతులు బాగా ఆడుతూ, మాట వింటున్న మనిషి తనంతట తాను మెల్లగా దిగితే మెడ కదలిక తక్కువగా ఉంటుందని, నలుగురు కలిసి బయటికి లాగినప్పుడే ఎక్కువ అవుతుందని కొలిచి చూసిన అధ్యయనాలు చెప్తున్నాయి. కాబట్టి తలుపు తెరిచి, "తల నేరుగా పెట్టుకుని, ముందు కాళ్లు బయటికి పెట్టన్నా, నొప్పి వస్తే అక్కడే ఆగు" అని ఒక్కొక్కటి చెప్తూ దించి, అక్కడే స్ట్రెచర్ మీద పడుకోబెట్టండి.

ముఖమంతా మూసే హెల్మెట్ తీయాల్సిందే, లేకపోతే ఊపిరి చూడలేం, కాలర్ పట్టదు. ఇద్దరు లేకుండా తీయొద్దు. ఒకరు తల వెనకనుంచి హెల్మెట్‌నూ దవడనూ కలిపి పట్టాలి. రెండోవారు కళ్లజోడు తీసి, పట్టీ విప్పి, ఒక చేయి దవడ మీద, ఇంకో చేయి తల వెనక ఎముక కింద పెట్టి బరువు తీసుకోవాలి. అప్పుడు మొదటివారు హెల్మెట్ అంచులను రెండు పక్కలకూ విప్పి, ముక్కుకు తగలకుండా కొంచెం వెనక్కి వంచి, తర్వాత నేరుగా లాగాలి. హెల్మెట్ వచ్చేసిన క్షణాన తల ధబ్బున నేలకు పడకుండా కింది చేయి సిద్ధంగా ఉండాలి. ఆ ఖాళీలో మడిచిన తువ్వాలు పెట్టండి.

బావిలో ఉన్నవాళ్లను నీళ్లలోనే వెల్లకిలా తేలేలా పట్టండి. ఊపిరి లేకపోతే కాలర్ ఆలోచన మాని వెంటనే పైకి తెచ్చి శ్వాస ఇవ్వాలి. ఊపిరి ఉంటే చంకల్లో తాడు కట్టి లాగొద్దు, తల వేలాడుతుంది. వెడల్పు చెక్క గాని, తలుపు గాని నీళ్లలోకి దించి, దాని మీదికి తేల్చి, కట్టి లేపండి. నులక మంచం మధ్యలో కుంగుతుంది, వేరే గతి లేనప్పుడే వాడండి.

దారిలో

ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. రాయదుర్గం నుంచి అనంతపురమూ ఇంచుమించు అంతే. అంతసేపు కాలర్ బిగించి వదిలేయకూడదు. తలకు పెద్ద దెబ్బ ఉంటే, అంటే స్పృహ తగ్గి ఉంటే, కాలర్ మెడలోని సిరలను నొక్కి మెదడులో ఒత్తిడి పెంచుతుంది. అలాంటివాళ్లకు తల బ్లాకులతో ఆపి, వైద్యుడు ఒప్పుకుంటే కాలర్ ముందు భాగం వదులు చేయండి. నడుం వంచకుండా స్ట్రెచర్ మొత్తాన్ని తల వైపు కొంచెం ఎత్తండి. ఊపిరి కోసం నోట్లోంచి గొంతులోకి గొట్టం వేయాల్సి వస్తే చేతులతో తల పట్టుకుని కాలర్ ముందు భాగం విప్పేయండి, బిగించి ఉంటే నోరు సగమే తెరుచుకుంటుంది.

వాంతి వస్తే కట్టిన స్ట్రెచర్‌తో సహా ఒక పక్కకు వంచి, నోట్లోది పీల్చేసే సక్షన్ యంత్రం పెట్టాలి. సక్షన్ పని చేస్తోందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి.

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి బీపీ పడిపోవచ్చు. కానీ అప్పుడు రక్తం పోయినవాళ్లలా నాడి వేగంగా కొట్టుకోదు, నెమ్మదిగా ఉంటుంది, చర్మం వెచ్చగా పొడిగా ఉంటుంది. పొట్ట మాత్రమే లేస్తూ, రొమ్ము లేవకపోతే ఊపిరి కండరాలు పడిపోతున్నాయి, చేత్తో నొక్కి ఊపిరి అందించే బ్యాగు మాస్కు చేతికి తీసుకోండి. వెచ్చగా ఉన్నాడని రక్తస్రావం లేదనుకోవద్దు, పొట్ట, తొడలు చూడండి.

మే నెలలో తారు రోడ్డు మీద పడి ఉన్నవాళ్ల వీపు తప్పకుండా చూడండి. స్పర్శ పోయినచోట చర్మం కాలుతున్నా వాళ్లు చెప్పలేరు. దెబ్బ కింది భాగంలో చెమట పట్టదు కాబట్టి ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది, రాత్రి చలిలో అంతే త్వరగా చల్లబడుతుంది. కాలర్ కింద చెమటా ఇసుకా కలిసి గడ్డం, తల వెనక, మెడ కింది ఎముకల దగ్గర పుండ్లు మొదలవుతాయి. అరగంటకోసారి గడ్డం కింద తుడిచి చూడండి.

అప్పజెప్పేటప్పుడు

దెబ్బ ఎలా తగిలింది, కాలర్ ఎన్ని గంటలకు వేశారు, వేయక ముందు, తర్వాత చేతులు కాళ్లు ఎలా ఆడాయి, వేయకపోతే ఎందుకు వేయలేదు, ఈ నాలుగూ నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాయండి. స్ట్రెచర్ మారేటప్పుడు తల ఎవరు పట్టుకుంటున్నారో స్పష్టంగా చెప్పించుకున్నాకే మీ చేతులు తీయండి.

వాహనంలో పెద్దవాళ్లకు సర్దుబాటు చేసే కాలర్లు రెండు, పిల్లలది ఒకటి, నాలుగు తువ్వాళ్లు, వెడల్పు టేపు ఎప్పుడూ ఉండాలి. చాలా కాలర్లు ఒక్కసారి వాడడానికే చేసినవి. రక్తం పీల్చిన స్పాంజి శుభ్రం కాదు, దాన్ని పారేయాల్సిందే. డ్యూటీ మొదట్లో ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని వంచి చూడండి: ప్లాస్టిక్ మీద తెల్లటి పగులు గీత, తాళం వదులు, వెల్క్రోలో చిక్కిన వెంట్రుకలు. ఎండలో నిలిపిన వాహనంలో నెలల తరబడి మడతపడి ఉన్న కాలర్ ఆ మడత దగ్గరే విరుగుతుంది, అందుకే పైన బరువులు పెట్టకుండా చదునుగా పెట్టండి.